ఎడమ అంచు

డాక్టరు గారు పోయారన్న కబురు మా పామర్రుకు మధ్యాహ్నం బస్సులో వచ్చింది. బెజవాడ నుంచి జవుళి తెచ్చే మా మేనమామ బస్సు దిగి తిన్నగా మా ఇంటికొచ్చి చెప్పాడు. అమ్మ అప్పుడు మగ్గం మీద ఆయన కోసమే తువ్వాలు నేస్తోంది. విసరబోయిన నూలు నాడె చేతిలోనే ఉండిపోయింది. బాధపడ్డారా అని ఒక్క మాట అడిగింది. లేదట. అన్నం తిని పడక్కుర్చీలో వాలినవారు మరి లేవలేదట. ఇంతమంది బాధ చూసిన మనిషి తనకా బాధ లేకుండా పోయారు, అంతే చాలు అంది అమ్మ. నాకూ అదే అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన్ని ఎరగనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. రాచపుండును, అంటే కేన్సరును, తొలిదశలో కత్తితో తీసేసి మనిషిని బతికించవచ్చని మా వైపు మొదట నమ్మిన డాక్టరు ఆయన. రైతుబిడ్డ. మద్రాసులో చదివి, ఇంగ్లండు సీమకెళ్లి ఆ విద్య నేర్చుకుని, వచ్చి బెజవాడలో కూర్చున్నారు. జనం కోతల డాక్టరని పేరు పెట్టారు. పాపం, కోతలు కోయడం ఒక్కటే ఆయనకు చేతకాలేదు. నయమవుతుందా అని అడిగితే "చూద్దాం" అనేవారు. ఆ మాట వినగానే సగంమంది లేచి ఇంకో వైద్యుడి దగ్గరకు పోయేవారు. కత్తి తగిలితే పుండు ఒళ్లంతా పాకుతుందని అందరి భయం. అన్ని వైద్యాలూ అయ్యాక ఆఖరున ఈయన దగ్గరకు తెచ్చేవారు. రోగి దక్కకపోతే ఆ తప్పు కత్తి మీద పెట్టేవారు.

మేం ఆయన దగ్గరకు వెళ్లింది యుద్ధం రోజుల్లో. నూలు దొరక్క మా మగ్గం వారంలో సగం రోజులు ఖాళీగా ఉండేది. అమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ ఉందని నాకు తెలిసేసరికి అది వచ్చి మూడు నెలలైంది. ఎందుకు చెప్పలేదంటే నొప్పి లేదుగా అంది. నాన్న అప్పటికే లేడు. నాకున్నది అమ్మ ఒక్కతే. పోరుపెట్టి, అలిగి, ఒక పూట అన్నం మానేసి ఎలాగో బెజవాడకు బయల్దేరదీశాను. ఇరుగుపొరుగుకు మాత్రం గుణదల మేరీమాతకు మొక్కుందని చెప్పింది. పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిపే బస్సు మాది, అది ఉయ్యూరు చేరేలోగా రెండుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా అమ్మ వెనక్కి పోదామంది.

డాక్టరు గారి ముందు కొంగు బిగించుకుని నేలచూపులు చూస్తూ కూర్చుంది. పరీక్ష చేయనివ్వదని నాకు తెలుసు. ఆయనకూ తెలిసినట్టుంది, గడ్డ సంగతే ఎత్తలేదు. ఏం పని చేస్తారని అడిగారు. నేత పనని చెప్పింది.

"గుడ్డలో ముడి పడితే చూడకుండా చెప్పగలరా అమ్మా?"

"కళ్లు మూసుకుని చెప్తానండీ."

"అయితే ఆ తెర వెనక్కెళ్లి మీరే చూసుకుని రండి. ముడి వేళ్ల కింద జరుగుతోందా, గుడ్డకి పట్టుకుందా, అది చెప్పండి చాలు."

అమ్మ చాలాసేపటికి బయటకొచ్చింది. నేత సంగతి చెబుతున్నంత మామూలుగా, "జరుగుతోందండీ. జరిపినప్పుడు పైన గుడ్డ లోపలికి లాక్కుంటోంది" అంది.

ఆయన కలం కింద పెట్టేశారు. చర్మం అలా లాగడం మంచి గుర్తు కాదని నాకు తర్వాత తెలిసింది. నర్సును పిలిచి, ఈవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోమన్నారు. తన మాటకు అంత విలువ ఇచ్చాక అమ్మ పరీక్షకు అడ్డు చెప్పలేదు.

కేన్సరేనని దాచకుండా చెప్పారు. రొమ్ము తీసేయాలన్నారు. కోయించుకున్నవాళ్లు దక్కలేదంటున్నారండీ అని నేను ఉండబట్టలేక అనేశాను.

"నిజమే. వాళ్లు ఆలస్యంగా వచ్చారు. మీ అమ్మగారు తొందరగా వచ్చారు. అంతకన్నా నేనేం చెప్పలేను."

అమ్మ మాత్రం ఎడమ చెయ్యి పనిచేస్తుందా అని అడిగింది.

"చెయ్యి ఎక్కడికీ పోదమ్మా. పైకి లేపడం మీ వంతు."

ఆపరేషనై కుట్లు విప్పాక గోడ దగ్గర నిలబెట్టి, ఎడమచేతి వేళ్లను గోడ మీద పైకి పాకించమనేవారు. ఎంతవరకు వెళితే అక్కడ సుద్దముక్కతో గీత గీసేవారు. మర్నాడు ఆ గీత దాటాలి. కోసేటప్పుడు మత్తిచ్చారుగా, దీనికెందుకివ్వరని అమ్మ సణిగేది. ఆయన విననట్టే గీత గీసి వెళ్లిపోయేవారు. ఇంటికి పంపే రోజున, ఏడాదికోసారి రమ్మని, వచ్చేటప్పుడు తన చేత్తో నేసిన తువ్వాలొకటి తెమ్మని చెప్పారు. నాడెను కుడిచేత్తో విసిరితే ఎడమచేత్తో అందుకోవాలి. ఎడమచేతిలో బిగువు లేకపోతే ఆ పక్క అంచు వదులవుతుంది. ఈ సంగతి అమ్మే ఎప్పుడో మాటల్లో చెప్పింది, ఆయన దాన్ని పట్టుకున్నారు.

మొదటి ఏడు ఆ అంచు కాలవగట్టులా మెలికలు తిరిగింది. అమ్మ సిగ్గుపడి మడతలో దాచబోయింది. ఆయన మడత విప్పి, అంచు పొడవునా వేలితో తడిమి, చెయ్యి లేస్తోందన్నారు. ఆ తర్వాతే అమ్మను పరీక్ష చేశారు. ఏటా అంతే, ముందు తువ్వాలు, తర్వాత మనిషి.

ఐదో ఏడు తువ్వాలును అటూ ఇటూ తిప్పి, ఏది ఎడమో మీరే చెప్పండన్నారు. అమ్మ కూడా వెతుక్కోవలసి వచ్చింది. ఆయన పైకి నవ్వడం నేను చూసింది అప్పుడొక్కసారే. పరీక్ష అయ్యాక, "ఇక రాదని చెప్పను. కానీ ఇవాళ నాకు భయం లేదమ్మా" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుగు బస్సులో కంకిపాడు రాకముందే నిద్రపోయాను. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బస్సులో కునుకు తీయడం ఆ ఐదేళ్లలో అదే మొదలు.

ఆరో తువ్వాలు ఈ నెల పూర్తయింది. కర్మలయ్యాక పటమటలో వాళ్లింటికి తీసుకెళ్లాం. డాక్టరు గారి భార్య మమ్మల్ని పెరట్లోకి పిలుచుకెళ్లారు. దండెం మీద అమ్మ తువ్వాళ్లు ఆరుతున్నాయి. నడుమ చివికిపోయిన మొదటిది కూడా ఉంది. ఎన్ని ఉన్నా ముఖం తుడుచుకోవడానికి ఆయనకు అదే కావాలట.

"అంచు వంకరగా ఉంది, పక్కన పడేస్తానంటే, అది వంకర కాదు, ఆవిడ మొదటి గీత అనేవారమ్మా" అన్నారావిడ.

కొత్తది ఎవరికివ్వాలో అమ్మకు తోచలేదు. మీరే దండెం మీద వెయ్యండన్నారావిడ. అది డాక్టరు గారి ఎత్తుకు కట్టిన దండెం. అమ్మకు అందదని నేను చెయ్యి చాచాను. అమ్మ ఇవ్వలేదు. మునివేళ్ల మీద లేచి, ఎడమ చెయ్యి తలపైకి నిటారుగా చాపి, మొదటి తువ్వాలు పక్కనే దాన్ని వేసింది.