అవతలి వైపు అడుగులు

2006 కావచ్చు. రింగు రోడ్డు వస్తుందని ఇబ్రహీంపట్నం భూముల ధరలకు రెక్కలొచ్చిన కాలం. ఊరి బయట ఒక టెన్నిస్ కోర్టులో పనికి కుదిరాను. నేను చదివింది మూడో తరగతి. అయినా క్లే కోర్టు అంటే మట్టి నేలే. నీళ్లు చల్లాలి, రోలర్ లాగాలి, ఆట అయ్యాక డ్రాగ్ మ్యాట్ అనే బరువైన వల ఈడ్చి అడుగులూ బంతి మచ్చలూ చెరపాలి.

కోర్టు యజమానురాలు సుజాత, కోస్తా అమ్మాయి. ఇరవై ఏళ్లు దేశాలు తిరిగి టెన్నిస్ ఆడి, భుజం పాడై మానేసింది. పిల్లలకు నేర్పుదామని ఇక్కడ కోర్టు వేసింది. మీర్‌పేట్ నుంచి వచ్చే పిల్లల్ని దూరమని తల్లిదండ్రులు ఒక్కొక్కరినే మాన్పించారు. చివరికి ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మేసింది. రిజిస్ట్రేషన్ దాకా నీళ్లు చల్లుతూనే ఉండమంది. అమ్మిన మట్టికి బోరు నీళ్లు దండగని గొణుక్కుంటూనే చల్లాను.

రిజిస్ట్రేషన్‌కు ముందు వారం రోజూ పొద్దున చూస్తే ఇటువైపు ఆమె అడుగులు, అటువైపు బంతి మచ్చలు మాత్రమే. బంతులు కంచె దగ్గర పడి ఉండేవి. సాయంత్రాలు ఒక్కతే సర్వీస్, అంటే ఆట మొదలుపెట్టే దెబ్బ, కొడుతోందన్నమాట. ఒకరోజు ఉండి చూసి అడిగేశాను.

"అవతల మనిషి లేకుంట గిదేం ఆట బిడ్డా?"

ర్యాకెట్ దించింది.

"ఇరవై ఏళ్లూ అవతల ఎవరో ఒకరు ఉన్నారు మామ్మగారూ. పోటీలో ఓడిన మనిషి ఆ రాత్రే ఊరు వదిలేది. ఎక్కువసార్లు నేనే. వాళ్లలో ఒక్కరి ఇల్లు కూడా నాకు తెలీదు. ఇక్కణ్ణించీ అలాగే పోతాను."

ఓదార్చడం నాకు చేతకాదు. చెప్పులు విప్పి అటువైపు పోయి నిలబడ్డాను.

"కొట్టు. మెల్లగ కొట్టు. నా మోకాళ్లు నీ లెక్క దేశాలు తిరగలే."

ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. అందిన బంతి కొంగుతో పట్టి విసిరాను. చీకటి పడేదాకా ఆడింది. పొద్దున మ్యాట్ లాగబోతే వద్దంది. రెండువైపులా అడుగులు అట్లాగే ఉండిపోయాయి.

రిజిస్ట్రేషన్ రోజు మా గుమ్మం ముందు సుజాత కారు ఆగింది. ఏం మర్చిపోయినవని అడిగాను.

"ఏమీ లేదు. మీ ఇల్లు చూద్దామని."

చాయ్ ఇచ్చాను. చక్కెర రోజూ వేసేంతే. వెళ్లేటప్పుడు వీధి మలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగి మా తలుపు ఎక్కడుందో మళ్లీ చూసుకుంది.

ఆ తర్వాత ఎక్కడ పని మానేసినా, మా ఇల్లెక్కడో చెప్పే వచ్చాను. సుజాత మళ్లీ రాలేదు. దారి మాత్రం ఆమెకు తెలుసు.