మా అత్తయ్య దగ్గలేదు

పోయిన ఎండాకాలం మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మేమంతా మిరప కల్లంలోనే ఉంటాం కాబట్టి పగలు ఆమెనూ అక్కడి పాకలో మంచం మీద కూర్చోబెట్టేవాళ్లం. ఘాటుకు కూలీలూ మేమూ దగ్గలేక చచ్చేవాళ్లం. ఆమె మాత్రం ఒక్కసారి కూడా దగ్గేది కాదు.

"నలభై ఏళ్లు మిరగాయల్లో బతికిన మనిషి మా అమ్మ. ఘాటు ఆమెనేం చేసుద్ది?" అని మా ఆయన గొప్పగా చెప్పేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఒక మధ్యాహ్నం రాగిజావ తాగిస్తుంటే ఆమె గొంతులో గురగుర వినిపించింది. పొలమారలేదు కదా అని ఇంకో చెంచా పోశాను. అంతలోనే పెదవులు నల్లబడ్డాయి. ఊపిరాడక ఎడంచేత్తో నా కొంగు పట్టుకుంది.

గుంటూరులో డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు. "జావ ఊపిరితిత్తుల్లోకి పోయిందమ్మా. పక్షవాతంతో గొంతులో స్పర్శ తగ్గింది. అడ్డం పడిందని గొంతుకి తెలిస్తేనే కదా దగ్గొచ్చి బయటికి నెట్టేది? ఈవిడ దగ్గట్లేదని మీకు అనుమానం రాలేదా?" అన్నారు.

అత్తయ్య బతికింది. ఇప్పుడు జావ చిక్కగా కాచి, కొంచెం కొంచెంగా మింగిస్తున్నాను. ఈ ఏడూ కల్లం నిండా కాయలు ఆరుతున్నాయి, అందరూ దగ్గుతున్నారు. నేను చెంచా పట్టుకుని ఆమె దగ్గు కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. ఇంకా వినబడలేదు.