కుందేళ్లకు మందు తెచ్చిన మా అత్త

మా అత్త పోయిందని పోయిన సోమవారం పొద్దున్నే బత్తలపల్లె నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్దర్లోనే పోయిందక్కా, ఏం కష్టపడలేదు" అన్నాడు. ఏడుపు వచ్చింది. ఆ వెనకాలే నవ్వూ వచ్చింది. ఏం చేయను, నా కళ్ల ముందు మొదట కనిపించింది అనంతపురం బజారులో చంకన కుందేళ్ల గంపతో పరుగెత్తుతున్న మా అత్త!

ఆమె మా నాయనకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి గొర్రెల మంద చూసుకునేది. చదువు రాదు. భయం అసలే రాదు. "అడిగితే పోయేది మన సిగ్గే, ఇంగేం పోదు" అనేది.

అరవైల మొదట్లో నేను ఆరో తరగతిలో ఉండగా, మా టీచరమ్మ బదిలీ మీద పోతూ ఒక తెల్ల కుందేళ్ల జతను నాకిచ్చింది. అవి పిల్లలు పెట్టి ఏడయ్యాయి. మా ఊళ్లో కుందేలంటే కందిచేలో వల వేసి పట్టి కూర వండుకునేది. దాన్ని పెంచుతారని ఎవరూ వినలేదు. ఊరంతా నవ్వింది. అత్తా నవ్వింది, కానీ మందతో తిరిగొచ్చేటప్పుడు ఒళ్లో తుమ్మాకు తేవడం మాత్రం మానలేదు.

ఆ ఎండాకాలం ఒక పిల్ల చచ్చిపోయింది. మూడు రోజులకు ఇంకోటి. మిగిలినవాటి పొట్టలు గుండ్రంగా ఉన్నాయి కదా, బాగానే తింటున్నాయనుకున్నాను. అత్త ఒకదాన్ని ఎత్తి వీపు మీద చేయి వేసింది.

"కడుపు చూసి మోసపోవద్దు పాపా. వీపు నిమిరితే తెలుస్తాది. చూడు, ఎముకలే ఉండాయి."

తర్వాత పెంటికలను పుల్లతో చిదిమింది. దారం ముక్కల్లాంటి తెల్లటి పురుగులు కదులుతున్నాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె మొహం మాత్రం వెలిగిపోయింది. "దొరికినాడు దొంగ! లేయ్, గంప తే. బస్సుకు పోతాం."

వీపు నిమిరే అలవాటు ఆమెకు మనుషుల దగ్గరా ఉండేది. నేను అత్తారింటి నుంచి వచ్చినప్పుడల్లా, బాగున్నావా అని అడగకుండా ముందు వీపు తడిమేది.

ఐదు కుందేళ్లూ మూత గంపలో బస్సెక్కాయి. "ఏముందమ్మా గంపలో?" అన్నాడు కండక్టరు. "ఆసుపత్రికి పోయే రోగులప్పా" అంది అత్త. బస్సంతా గొల్లుమంది.

పశువుల ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు క్యాంపుకు బయలుదేరుతూ జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. కోస్తా వైపు మనిషి. గంపలోకి చూసి, "కుందేళ్లకా? ఆవులకు, గొర్రెలకు చూస్తాం గానీ, వీటికి మందు మా పుస్తకంలో ఎక్కడుందమ్మా?" అన్నాడు.

"మీ పుస్తకంలో లేకుంటే దీని కడుపులో పురుగులు లేకుండా పోతాయా సారూ? రెండు సచ్చినాయి. ఈ పాప అన్నం తినేది మానేసింది."

అది నిజం కాదు, నేను ఆ పొద్దున రెండు సంగటి ముద్దలు తిన్నాను. కానీ తల వంచుకుని నిలబడ్డాను. డాక్టరు నవ్వి లోపలికి వెళ్లి, లావుపాటి పుస్తకం తిరగేసి వచ్చాడు. "చిన్నపిల్లలకు నులిపురుగులకు ఇచ్చే మందే పనిచేస్తుంది. కానీ బరువును బట్టి ఇవ్వాలి. వీటిని తూచే తక్కెడ ఇక్కడ లేదు. అరగంటలో తూపించుకు రాగలరా? నేను వెళ్లిపోవాలి."

ఆ మాట పూర్తయ్యేలోపే అత్త పరుగు. వెనక నేను. బజారులో మొదటి చెనిక్కాయల అంగడిలోకి దూరి, "శెట్టీ, తక్కెడ!" అంది. తల్లి కుందేలు తక్కెడ పళ్లెంలో అర నిమిషం కూర్చుని, ఒక్క దూకులో చెనిక్కాయల రాశిలో పడింది. జనం మూగారు. శెట్టి మొత్తుకున్నాడు. "నా సరుకు! ఏమప్పా ఇది!"

"అరవొద్దు శెట్టీ, గోనె సంచి ఇయ్యి" అంది అత్త. ఒక్కోదాన్ని సంచిలో వేసి, తల మాత్రం బయటికి ఉంచి తూచాం. శెట్టి కూడా కోపం మర్చిపోయి, "ఇది ముక్కాలు వీశ!" అని వేలంపాటలా అరుస్తుంటే నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. తిరిగి చేరేసరికి జీపు ఇంజను ఆన్ చేసి ఉంది.

డాక్టరు జీపులోంచే లెక్క వేసి చీటీ రాసిచ్చి, మా మొహాన దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు. మందుల అంగడిలో సీసా దొరికింది. ఇంకు ఫిల్లరుతో పోయాలని అంగడాయన చెప్పాడు. చదువు రాని అత్త కుందేలు పిల్లల మోతాదు దగ్గర ఫిల్లరుకు నల్లదారం కట్టుకుంది. పెద్దవాటికి నిండుగా రెండుసార్లు.

ఇంటికొచ్చి, తువ్వాలులో చుట్టి పట్టుకునేది నేను, పోసేది అత్త. ముందు పళ్ల వెనక సందులోంచి, చుక్క చుక్కగా, పొలమారకుండా. తల్లి కుందేలు మొదటి గుక్కను అత్త మొహానే ఊసింది. "ఊస్తావా? నేనూ మొండిదాన్నే" అని మళ్లీ పోసింది.

అన్నిటికన్నా కష్టమైన మాట మర్నాడు చెప్పింది. "పెంటికల మింద మేత ఏసింది నువ్వే పాపా. ఆ పురుగులే మళ్లా వాటి కడుపులోకి పోయినాయి." నేను ఏడ్చేశాను. ఆమె ఓదార్చలేదు, చీపురు చేతికిచ్చింది. ఇద్దరం పాత గడ్డి కాల్చి, గూడు కడిగి, సున్నం కొట్టి ఎండబెట్టాం. ఆ సాయంత్రం పెంటికల్లో చచ్చిన పురుగులు కనిపిస్తే, అత్త వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ చూపించింది. రెండు వారాలకు డాక్టరు చెప్పినట్లే రెండోసారి పోశాం.

ఇంకొక్కటీ చావలేదు. ఆ తర్వాత కడుపు ఉబ్బిన కోడికైనా, మేకకైనా జనం మా గడపకే వచ్చేవాళ్లు. నేను పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేశానంటే, ఆ రోజు జీపు వెనక పీల్చిన దుమ్ము వల్లే.

రెండోసారి మందు పోసిన వారానికి వాటిని వాకిట్లో వదిలాం. మొదట కదల్లేదు. తర్వాత తల్లి కుందేలు గాల్లోకి ఎగిరి, ఒళ్లు మెలి తిప్పి, నేల తాకీ తాకకుండా ఉరికింది. దాని వెనక మిగిలిన నాలుగూ. మా అత్త, నలుగురిలో పళ్లు కనిపించేలా నవ్వని మా అత్త, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పకపకా నవ్వుతూ, చప్పట్లు చరుస్తూ వాటి వెంట పరుగెత్తింది. "ఉరుకు, ఉరకవే నా తల్లీ!" వాకిలంతా ఎర్ర దుమ్ము, అందులో ఐదు తెల్లటి మెరుపులు.