తాళాలాయన పట్టుకున్న ఇంటిదొంగ

ఆ కంటి ఆసుపత్రిలో సర్వర్ చూసుకునే ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరని తెలిసినా ఆయన లోలోపల మురిసిపోయేవాడు. మెట్ల కింది గది, ఒక ఫ్యాను, రోగుల రికార్డులన్నీ దాచుకున్న ఆ సర్వర్, ఇదీ ఆయన సామ్రాజ్యం. దాని మీద పూర్తి పెత్తనమిచ్చే పాస్‌వర్డు ఆయన ఒక్కడికే తెలుసు. అందులో గడియారం సరిచేయాలన్నా ఆయన్ని బతిమాలాల్సిందే.

అందరికంటే ఎక్కువ అనుమానం సొంత బావమరిది మీద. స్కానింగ్ గదిలో టెక్నీషియను. ఒకసారి ప్రింటరు సెట్టింగు మార్చబోయాడు, అదే వాడు చేసిన నేరం.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు," అనేవాడు భార్యతో.

"మా తమ్ముడు ముట్టుకుంది ప్రింటరే కదండీ," అని ఆవిడ విసుక్కునేది.

ఒకరోజు పొద్దున్నే హెచ్చరిక వచ్చింది. సర్వర్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో కన్నం ఉందట. బయటివాళ్లు దూరలేరు గానీ, మామూలు ఖాతాతో లోపల కూర్చున్నవాడెవడైనా దాంతో పెత్తనమంతా లాక్కోవచ్చట. తాళాలాయన ఛాతీ ఉబ్బింది. తను ఇన్నాళ్లూ మొత్తుకుంది ఇదే కదా.

పెద్ద డాక్టరమ్మ పిలిచింది. "మధ్యాహ్నం ఆపరేషన్లలోపు పూడ్చేయండి. మీవల్ల కాకపోతే ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాను."

"చిటికెలో పని మేడమ్."

పూడ్చడానికి పెత్తనం పాస్‌వర్డు కావాలి. దొంగలకి అందకూడదని గతవారమే దాన్ని మహా కఠినంగా మార్చాడు. దొంగలకి అందలేదు, నిజమే. ఆయనకీ అందలేదు. పెళ్లిరోజు, పాత బండి నంబరు, మామగారి పేరు తిరగేసి, అన్నీ కొట్టాడు. తప్పులు మితిమీరేసరికి ఆయన మామూలు ఖాతా కూడా మూసుకుపోయింది. ఆ నిబంధన పెట్టిన మేధావీ ఆయనే. సర్వర్‌ని ఆపి లేపి కొత్త పాస్‌వర్డు పెట్టుకునే దారి ఉంది గానీ, డిస్కు ముసలిది. నకలు తీయకుండా ఆపితే మళ్లీ లేస్తుందో లేదో. నకలు తీయాలన్నా ఆ పాస్‌వర్డే.

ఇక మిగిలింది దొంగదారి, ఆ కన్నమే. అందులో దూరాలన్నా ఎవరిదో ఒక ఖాతా కావాలి. సిగ్గు చంపుకుని స్కానింగ్ గదికి వెళ్లి సంగతి చెప్పాడు.

"ప్రింటరు ముట్టుకుంటేనే దొంగనన్నావు," అన్నాడు బావమరిది. "ఇప్పుడు నా పేరుతో నువ్వు కన్నం వేస్తావా బావా? రేపు పట్టుకునేది నన్నే కదా."

అన్నాడే గానీ, బావమరిది తన పాస్‌వర్డు కొట్టి కుర్చీ ఇచ్చాడు.

"నీ ఉద్యోగం పోతే అక్క బాధపడుతుంది. కూర్చో."

కన్నం ఉందో లేదో దూరి చూడమని హెచ్చరికతోపాటు వచ్చిన పరీక్ష ప్రోగ్రాముని తాళాలాయన నడిపాడు. తలుపు తెరుచుకుంది. నకలు తీసి, కన్నం పూడ్చి, పాస్‌వర్డు మార్చి, సర్వర్‌ని లేపేసరికి మధ్యాహ్నమైంది.

డాక్టరమ్మ మళ్లీ పిలిచింది. ఎవరు అక్రమంగా దూరినా ఆవిడకి కబురు వెళ్లే ఏర్పాటు కూడా ఆయన చేసిందే.

"మీ అనుమానమే నిజమైంది. దూరింది మీ బావమరిదే. తీసేద్దామా?"

నోరు మూసుకుంటే ఉద్యోగం, పరువు రెండూ దక్కుతాయి. ఒక్క క్షణం ఆశపడ్డాడు, కాదనడానికి లేదు. అంతలో బావమరిది ఇచ్చిన ఆ కుర్చీ గుర్తొచ్చింది.

"పేరు వాడిది మేడమ్. దూరింది నేను." జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ ఉద్యోగం తీయలేదు. పాస్‌వర్డులో సగం ఆయన దగ్గర, సగం బావమరిది దగ్గర ఉండాలని తేల్చింది.

ఇప్పుడు గడియారం సరిచేయాలన్నా తాళాలాయన స్కానింగ్ గది తలుపు తట్టాలి.

"ఎవరూ?" అంటాడు బావమరిది, తెలిసీ.

"ఇంటిదొంగని," అంటేగానీ తలుపు తీయడు.