ఊసరవెల్లికి పెట్టిన సున్నం

మా కోడలు కాపురానికి వచ్చినప్పుడు సారెతో పాటు ఒక వల పంజరం కూడా ఆటోలోంచి దిగింది. అందులో ఒక ఊసరవెల్లి. నెత్తిన కిరీటంలాగా లేచిన ఎముక. ఒక కన్ను ముందుకు చూస్తుంటే ఇంకో కన్ను వెనక్కి చూసేది. మన చేలల్లో తిరిగే రకం కాదట, ఎక్కడో అరబ్బు దేశపు కొండల జాతి. "ఆడది అత్తా, ఏమీ చేయదు" అని తల్లీకొడుకులం మా ఇద్దరికీ పరిచయం చేసింది. నా కొడుకు చిన్నప్పుడు తొండల మీద రాళ్ళు వేసి తిట్లు తిన్నవాడు. ఇప్పుడు ఆ పంజరం ఉన్న గదిలో చొక్కా కూడా మార్చుకోడు.

ఆ కోడలే నాకు అక్షరాలు నేర్పింది.

నేను పాతికేళ్ళు అరవదేశంలోని ఈ సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ మడతపెట్టే పని చేశాను. ఏ కట్ట ఎక్కడికి పోవాలో అంచు దారం రంగు చూసి చెప్పేదాన్ని. బస్సు రంగు, కండక్టరు కేక, పక్కవాళ్ళ మాట, వీటితోనే యాభై ఎనిమిదేళ్ళు గడిచాయి. అరవమూ చదవలేను, తెలుగూ చదవలేను. కోడలిది చిత్తూరు వైపు. ఇంట్లో మాట్లాడే మాటలతోనే మొదలుపెడదామని, క్యాలెండరు కాగితాల వెనక పెద్ద పెద్ద అక్షరాలు రాసి నా ముందు పెట్టేది. ఏడాదిన్నరలో గుణింతాలు పట్టుబడ్డాయి. అమ్మ, అత్త, బియ్యం లాంటి మాటలు, అంటే ఒక అక్షరం కింద అదే అక్షరం వచ్చేవి, తడుముకోకుండా చదివేదాన్ని. కింద వేరే అక్షరం వచ్చిందంటే మాత్రం నా చూపు కాలు తట్టుకున్నట్టు ఆగిపోయేది. అక్కడ మొదటి సగం చదివి మిగతాది ఊహించేదాన్ని. ఊహ సరిపోతే ఆమె చప్పట్లు కొట్టేది. మా అత్త చదువుతుందని వీధి మొత్తం చెప్పింది.

మొన్న ఎండాకాలంలో ఆమెకు పది రోజుల శిక్షణ పడింది. బడిలో కంప్యూటరు టీచరు, కోయంబత్తూరు పోవాలి. పోయే రోజు పొద్దున ఊసరవెల్లి పొట్ట వేళ్ళతో తడిమి చూసింది.

"అత్తా, గుడ్లకు వచ్చినట్టుండాది. నేను తిరిగొచ్చేలోపే పెట్టేస్తాదేమో."

పంజరం అడుగున లోతైన బకెట్టు పెట్టి, ఇసుక తడిపి నింపింది. అది సొరంగం తవ్వి లోపల గుడ్లు పెట్టి, మళ్ళీ పూడ్చి పైకి వస్తుందట. తవ్వేటప్పుడు ఎవరైనా కంటపడితే గుంట సగంలో వదిలేస్తుంది. ఇసుక పొడిగా ఉన్నా, ఒంట్లో బలం లేకపోయినా గుడ్లు లోపలే నిలిచిపోతాయి, ప్రాణం పోతుంది. ఈ మాట చెబుతూ మళ్ళీ దాని పొట్ట తడిమింది. చదువుకునే రోజుల నుంచి పెంచింది దాన్ని.

నాకోసం గోడకు ఒక కాగితం అంటించింది. నాకు వచ్చిన అక్షరాలతోనే, నా నోట ఆడే మాటలతోనే రాసింది. "పొద్దునా మాపునా ఆకుల మీద నీళ్ళు చల్లు. బకెట్టులో ఇసుక తడి ఆరనీకు. సున్నం సత్తు పొడి పురుగులకు పట్టించి పెట్టు. తవ్వితే చూడకు." బస్సు టైమయింది, పరుగెత్తింది.

మూడో మాట దగ్గర నేను ఆగలేదు. ఆగవలసిన ఒత్తు అక్కడ ఏదీ లేదు. మా ఇంట్లో సున్నం ఉండేది నా తమలపాకుల సంచిలో, చిన్న సత్తు డబ్బాలో. సత్తు గిన్నె, సత్తు చెంబు అంటాం కదా, ఆ సత్తు. అరవంలో సత్తు అంటే ఒంటికి బలమని నాకు తెలియక కాదు. రోజూ వింటాను, అంటాను. ఆ మాట చెవితో విని ఉంటే తెలిసేది. కళ్ళతో చదివాను కాబట్టి డబ్బా కనిపించింది.

డబ్బా అంచున ఎండి పెచ్చులు కట్టిన సున్నాన్ని గీకి, అరచేతిలో నలిపి, దాని మేతకు తెచ్చి ఉంచిన కీచురాళ్ళను అందులో దొర్లించి పంజరంలో వదిలాను. మొదటి రోజు ఒకటి తిని తల విదిలించింది. రెండో రోజు ఒకటి తిని చాలాసేపు నోరు తెరుచుకునే ఉంది. మూడో రోజు నాలుక చాపలేదు. ఫోను చేశాను.

"తినలేదు తల్లీ."

"గుడ్ల ముందు అట్లే ఉంటాది అత్తా. భయపడొద్దు. పొడి పెడుతుండావు కదా?"

"పెడుతుండాను."

"మా అత్త బంగారం" అని నవ్వింది.

దాని రంగు మారింది. పచ్చదనం నల్లబడి, మీద పసుపు చుక్కలు, నీలం చుక్కలు తేలాయి. కిందికి దిగి బకెట్టు అంచున చేతులు పెట్టి నిలబడేది, మళ్ళీ పైకి పోయేది. ఎదురింటి వదిన చూడటానికి వచ్చింది.

"ఏం వదినా, మొగదాని మొహం చూడకుండానే కడుపా? నీ కోడలు మామూలు దాన్ని తేలేదు."

"పుంజు లేకుండా పెట్ట గుడ్డు పెట్టదా?"

"పెట్టనైతే కూరైనా వండుకుంటాం. ఈ పచ్చోందిని ఏం చేసేది?" ఊసరవెల్లికి అరవంలో అదే పేరు.

ఆ మధ్యాహ్నమే అది తవ్వడం మొదలుపెట్టింది. చూడకూడదు కదా అని పంజరం చుట్టూ బ్యాండేజి గుడ్డ కట్టాను. మా ఇంట్లో గుడ్డ అంటే అదే. పాతికేళ్ళు ఆ గుడ్డ పట్టుకున్న చేతులు, దానిలోంచి అవతలి మనిషి కనబడతాడని ఆలోచించలేదు. వదిన వంగి, "అయ్యో, ముక్కు నిండా మన్నే" అని నవ్వింది. లోపల కన్ను మా వైపు తిరిగింది. అది గుంట వదిలి పైకి పాకింది. ఆ తరువాత మందం దుప్పటి కప్పాను. ఒక రోజు పోయింది, ఇంకో రోజు పోయింది. ఇసుక కదలలేదు.

ఆరో రోజు పొద్దున దుప్పటి ఎత్తితే అది అడుగున పడి ఉంది. పట్టపగలు కళ్ళు మూసుకుని ఉంది. కనుగుడ్లు లోపలికి పోయాయి. చేతిలోకి తీసుకుంటే వేలు పట్టుకోలేదు. పొట్ట మాత్రం గోలీలు నింపిన సంచిలాగా ఉంది. కొడుకు మిల్లు షిఫ్టులో ఉన్నాడు. పండ్ల బుట్టలో తువ్వాలు పరిచి, దాన్ని పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను.

పశువుల డాక్టరు మా భాష మనిషే. ముందు ఒకావిడ పెద్ద తెల్ల కుక్కను పట్టుకుని కూర్చుంది. డాక్టరు బుట్టలోకి చూసి వెనక్కి వాలాడు.

"పెద్దమ్మా, నాకు తెలిసింది ఆవు, మేక, కుక్క. దీనికి మదురై పోవాల."

"అంతదూరం తాళదు సార్. చూడండి."

చూశాడు. మదురైలో తనతో చదువుకున్న డాక్టరుకు ఫోను చేసి, అరవంలో చాలాసేపు మాట్లాడి, ఒక కాగితం మీద రాసుకున్నాడు. తరువాత నా ఫోనులో కోడలిని పిలిచి, అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాడు.

"కాల్షియం రోజూ ఇస్తుండారా?"

"ఇస్తుండారు సార్. షెల్ఫులో తెల్ల జాడీలో పొడి. మా అత్త నేను రాసిపెట్టినట్టే చేస్తాది."

తెల్ల జాడీ. అద్దం పక్కన, ఆమె ముఖానికి పూసుకునే డబ్బాల మధ్య ఉంటుంది. మీద అంతా ఇంగ్లీషు. నేను దాన్ని ఒక్కసారి కూడా ముట్టలేదు.

"సరి" అన్నాడు డాక్టరు. "ఒంట్లో కాల్షియం లేకుండా, గుడ్లు దిగేదానికి నొప్పుల సూది వేస్తే ప్రాణానికే మోసం అన్నాడు నా స్నేహితుడు. మీరు ఇచ్చినారు కాబట్టి వేసేస్తాను."

సన్న సూది తీశాడు. మందు ఎక్కించాడు. సూది పైకెత్తి గోటితో కొట్టి గాలి వదులుతున్నాడు.

నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అది చచ్చిపోతే గుడ్లు అడ్డం పడి చచ్చిపోయిందంటారు. కోడలు ఏడుస్తుంది, నన్ను మాత్రం ఏమీ అనదు. నాకు చదువు వచ్చిందన్న మాట వీధిలో అలాగే ఉంటుంది. ఇదంతా ఆ గాలి బుడగ పైకి పోయేంతలో ఆలోచించాను. దాచుకోను, అలాగే ఆలోచించాను. డాక్టరు ఎడమ చేత్తో దాని వెనక కాలు పట్టుకున్నాడు.

"సార్, ఆగండి. ఆ జాడీ నేను ముట్టలేదు. నేను పెట్టింది సున్నం."

"ఏం సున్నం?"

"ఆకులోకి వేసుకునేది."

డాక్టరు సూది కింద పెట్టాడు. నన్ను చూశాడు, దాన్ని చూశాడు.

"వక్క కూడా పెట్టినారా పెద్దమ్మా?"

కుక్కావిడ పక్కున నవ్వింది. ఫోను ఇంకా బల్ల మీదే వెలుగుతోంది.

ఆయన దూది పుల్లతో దాని నోరు తెరిచాడు. లోపల ఎర్రగా పుండ్లు. నాలుక కొన వాచి ఉంది. చిగుళ్ళ మీద తెల్లగా కాలిన మచ్చలు. "ఇందుకే నీళ్ళు కూడా తాగలే. ఇంక తవ్వేదానికి బలం ఎక్కడ వస్తాది?" ఇప్పుడు ఆయన గొంతులో వేళాకోళం లేదు. చుక్క చుక్కగా నీళ్ళు వేసి నోరు కడిగాడు. ఆ మందు పారేసి, కాల్షియం సూది వేశాడు. చర్మం కింద నీళ్ళు ఎక్కించాడు.

"నొప్పుల సూది ఇప్పుడు వద్దు. రేపు సాయంత్రం అయిదు దాకా చూస్తాం. తానుగా తవ్విందా సరి. లేదంటే మదురైలో కోయాల్సిందే. ఉన్న బలానికి కోత తాళుతాదని నేను చెప్పలేను."

"అత్తా" అంది ఫోను. "ఇసుక తడి చూసుకో." అంతే, పెట్టేసింది.

ఇంటికి వచ్చి ఇసుక పిడికిట పట్టి చూశాను. ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. అలా అయ్యేదాకా తడిపాను. పంజరం మీద వెచ్చని దీపం వేసి, చుట్టూ దుప్పటి కప్పి, తలుపు దగ్గరికి వేశాను. మరునాడు పొద్దున ఆకుల మీద నీళ్ళు చల్లేటప్పుడు అది కళ్ళు తెరిచింది. పెదవి మీద పడిన చుక్కను మింగింది. అక్కడి నుంచి గది బయట, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాను. వదిన వచ్చింది.

"చూడకుండా కాపలా ఏంది వదినా?"

"చూడకుండా ఉండేదే కాపలా. నువ్వు పో."

"ఓహో, డాక్టరమ్మ" అంటూ పోయింది.

పది గంటలకు ఇసుక గీకిన చప్పుడు. బియ్యంలో చెయ్యి పెట్టి కలిపినట్టు సన్నగా వినబడింది. నేను ఊపిరి కూడా మెల్లగా తీశాను. పన్నెండుకు ఆగిపోయింది. ఒంటిగంట అయింది. ఏమీ లేదు. లేచి తలుపు మీద చెయ్యి వేశాను. అది గుడ్లు పెడుతుంటే, నా మొహం చూసి మానేస్తుంది. సొరంగంలో ఊపిరాడక పడి ఉంటే, నేను చూడనందువల్ల చచ్చిపోతుంది. రెండింటిలో ఏది జరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు. ఫోను మోగింది.

"చూసినావా?"

"లేదు."

"చూడొద్దు అత్తా."

"చప్పుడు ఆగిపోయి గంటయింది తల్లీ."

"చూడొద్దు" అంది మళ్ళీ. ఏడుస్తోందని తెలిసింది.

చెయ్యి తీసి కూర్చున్నాను. మూడు దాటాక చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి గీకుడు కాదు. ఇసుకను నెట్టి, అదిమి, మళ్ళీ నెట్టిన చప్పుడు. పూడుస్తోంది. అది పూర్తిగా ఆగేదాకా ఉండి, అయిదుకు పది నిమిషాల ముందు దుప్పటి ఎత్తాను. ఒళ్ళంతా ఇసుకతో అది కొమ్మ మొదలు పట్టుకుని ఉంది. పొట్ట ఖాళీ సంచిలా మడత పడింది. ఇసుక చదునుగా ఉంది. తవ్వితే చింతగింజల కంటే కాస్త పెద్దవి, తెల్లని గుడ్లు, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మళ్ళీ బుట్టలో తీసుకుపోతే, డాక్టరు పొట్ట నొక్కి చూసి, లోపల ఇంకేమీ తగలలేదన్నాడు. నోటి పుండ్లు మానితేనే తింటుంది, తింటేనే బతుకుతుంది అని కూడా అన్నాడు.

నాలుగు రోజుల తరువాత కోడలు వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా పంజరం దగ్గరికి పోయింది. దాని నోరు తెరిచి చూసి, మెల్లగా మూసింది.

"కాల్షియం అని రాస్తే నీకు కష్టమని, అరవంలో అనేట్టు సున్నం సత్తు అని రాసినాను" అంది. "నా తప్పు కూడా ఉండాది. కానీ తెలియనప్పుడు అడగొచ్చు కదత్తా?"

"తెలియలేదని నాకు తెలిస్తే కదా అడిగేది."

ఆమె షెల్ఫులో జాడీ తీసి, ఒక చిన్న కీచురాయికి పొడి పట్టించి నా చేతికి ఇచ్చింది. ఇవ్వకపోయినా నేను ఏమీ అనుకునేదాన్ని కాదు.

పట్టకారుతో పట్టుకుని దాని ముందు పెట్టాను. రెండు కళ్ళూ ముందుకు తిరిగాయి. నాలుక వచ్చింది, సగం దూరంలోనే వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, తగిలి జారింది. కోడలు నా మోచెయ్యి పట్టుకుంది.

"దగ్గరికి పెట్టత్తా. ఇంకొంచెం."

ఇంకొంచెం దగ్గరికి పెట్టాను. అది చాలాసేపు చూసి, నోటితోనే అందుకుని, మెల్లగా నమిలింది.