వెనక వాకిలి ప్లాను

మా పట్టు పురుగులను చంపింది పక్క పొలం మామ అని మా ఊరంతా ఇప్పటికీ నమ్ముతుంది. ఆయనా నమ్ముతున్నాడు. చంపింది ఆయన కాదు, నేను గీసిన ఇంటి ప్లాను. ఆయన నెత్తిన పడ్డ ఆ నింద ఎలా దించాలో తెలియక నేను పడుతున్న అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు.

మాది ముళబాగిలు నుంచి ఆవనికి పోయే దారిలో ఒక చిన్న ఊరు. రాగులు, కొంచెం టొమాటో, రెండు ఆవులు, అన్నిటికంటే ముందు పురుగులు. వాటికి వేరే షెడ్డు వేసుకున్నవాళ్ళు ఉన్నారు. మేం మాత్రం ఇంట్లోనే, నడిమి గదిలో పెంచేవాళ్ళం. ఆ గది మా అత్తది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె పురుగులనే సాకింది. నాలుగు జ్వరాలు దాటించి, అంటే నాలుగుసార్లు అవి మేత మాని నిద్రపోయి కుబుసం విడిచేదాకా కాచుకుని, గూడు కట్టే వెదురు చంద్రికల మీదికి ఎక్కించేదాకా ఆమె మనిషి కాదు. పలకరిస్తే కసురుకునేది.

నాకు మిగిలింది వంటిల్లు. వంటిల్లు అని మర్యాదకు అంటున్నాను. వెనక వాకిలి నేరుగా పొయ్యి దగ్గరికే తెరుచుకునేది. చేను నుంచి వచ్చే ప్రతి మనిషీ బురద కాళ్ళతో నా వంట మధ్య నుంచి నడిచి పోవలసిందే. గిన్నెలు పెరట్లో గొంతుకూర్చుని తోమాలి. బట్టలు ఆవుల కొట్టం అవతల బండ మీద ఉతకాలి. నా నడుము ఎప్పుడో పోయింది. దాన్ని అడిగిన నాథుడు లేడు.

రాబర్ట్‌సన్‌పేటలో మా చెల్లెలి ఇల్లు చూశాక నాకు పిచ్చి పట్టింది. వాళ్ళ మామ బంగారు గనిలో పనిచేసిన మనిషి. వాళ్ళ ఇళ్ళల్లో ఒక అలవాటు ఉండేదట: పని నుంచి వచ్చినవాడు వెనక వైపు నుంచే రావాలి, అక్కడే దుమ్ము గుడ్డలు విప్పాలి, కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, ఆ తర్వాతే ఇంట్లోకి. చెల్లెలు ఇల్లు బాగుచేయించినప్పుడు ఆ అలవాటునే ఒక చిన్న గదిగా కట్టించింది. కొళాయి, చెప్పుల అర, కొక్కేలు, పక్కనే వాషింగ్ మెషీను. అది దాటితే వంటిల్లు. నేల అద్దంలా ఉంది. నేను ఆ గదిలో నిలబడి ఏడ్చినంత పని చేశాను.

మా ఆయన్ను ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది. ఒప్పుకున్న రోజే ముగ్గుపిండి తీసుకుని పెరట్లో నిజం కొలతలతో గదులు గీశాను. పొయ్యి ఇక్కడ, గిన్నెల తొట్టి ఇక్కడ, నిలబడి తోమే ఎత్తులో. ఆ గీతల మధ్య నిలబడి లేని గరిటెతో లేని పప్పు కలిపి చూసుకున్నాను. మెషీను జాగాలో ఆయన్ను నిలబెట్టాను. పాపం, కదలకుండా నిలబడ్డాడు. ఒకసారి తొట్టికీ పొయ్యికీ మధ్య రెండడుగులు ఎక్కువైందనిపించి చెరిపేసి మళ్ళీ గీశాను. మేస్త్రి వచ్చి చూసి నవ్వాడు.

"ఇంజినీరు దగ్గర పనిచేసినానమ్మా, ముగ్గేసి ప్లాను ఇచ్చింది మాత్రం నువ్వే."

అత్త నవ్వలేదు. ముగ్గు గీతల చుట్టూ ఒకసారి తిరిగి, కొక్కేల దగ్గర ఆగింది.

"మందు గుడ్డలు యాడ పెడతావు మే?"

పురుగులు పెంచే ఇళ్ళలో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. టొమాటోకు మందు కొట్టిన గుడ్డలు ఇంటికి రావు. చేలో బోరు దగ్గర విప్పి, అక్కడే జాడించి, అక్కడే ఆరవేసి రావాలి. మందు వాసన తగిలినా చాలు, పురుగు తల వేలాడేస్తుంది. నాకూ తెలుసు. కానీ ఆ రోజు నా ప్లానులో ఎవరు తప్పు పట్టినా నాకు ఒళ్ళు మండేది.

"దానికీ ఒక కొక్కెం పెట్నానత్తా," అన్నాను.

"ఈ పంట గూడు కట్టిందాకా ఆగు. తర్వాత నీ ఇష్టం."

ఆగలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా? మేస్త్రి దొరకడమే కష్టం, దొరికినవాడిని వదిలితే మళ్ళీ రాడని భయం. గోడలు లేచాయి, బండలు పరిచారు, మెషీను వచ్చింది. అటు నడిమి గదిలో పురుగులు నాలుగో జ్వరం దాటి వేలెడంత అయ్యాయి. ఇంకో ఐదారు రోజులైతే గూడు కట్టేవి. అత్త కంచం కూడా ఆ గది గడప దగ్గరే పెట్టించుకుని తినేది.

ఆ వారం చేలో బోరు మోటారు కాలిపోయింది. ఆయన టొమాటోకు మందు కొట్టాడు. జాడించడానికి అక్కడ నీళ్ళు లేక, నేను నేర్పించినట్టే బుద్ధిగా వెనక వాకిలి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చొక్కా, ప్యాంటు కొక్కేనికి తగిలించి లోపలికి వచ్చాడు. ఎంత సంతోషపడ్డానో! ఇన్నేళ్ళకు ఈ ఇంట్లో నా మాట ఒకటి నడిచింది అనుకున్నాను.

మరుసటి రోజు అవి మెషీనులో వేశాను. మా కోలారు సీమలో నీళ్ళ సంగతి చెప్పేదేముంది. అన్ని నీళ్ళు రెండు గుడ్డలకు పోయాలంటే ప్రాణం ఒప్పలేదు. పక్కనే మూడు పాత నూలు చీరలు ఉన్నాయి. కోసుకొచ్చిన మల్బరీ ఆకు వాడిపోకుండా తడిపి కప్పే చీరలు అవి. వాటినీ అందులోనే పడేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మెషీనులో పడితే అన్నీ శుభ్రమే అనే నమ్మకం.

ఆ సాయంత్రం రెండు చీరలు రాత్రి మేతకు తెచ్చిన ఆకు మీద కప్పాను. తెల్లవారి అత్త కేక విని పరిగెత్తాను. పురుగులు తలలు ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోటి నుంచి పచ్చటి నీళ్ళు. కొన్ని మెలికలు తిరుగుతున్నాయి, కొన్ని అప్పటికే గట్టిపడ్డాయి. అత్త ఒక్కొక్కదాన్ని అరచేతిలోకి తీసుకుని ఊదుతోంది. ఊదితే బతుకుతాయా? అయినా మధ్యాహ్నం దాకా ఊదుతూనే ఉంది.

మా ఆయన ఒక ఆకు వాసన చూసి, నేరుగా గట్టు మీదికి పోయాడు. గట్టు అవతల మామ మొన్ననే టొమాటోకు మందు కొట్టాడు. గాలి మా మల్బరీ తోట వైపే వీచింది. అందరూ చూసిందే. మా ఆయన అరుపులు పెరటి దాకా వినబడ్డాయి. "మా యమ్మ బిడ్డల్లెక్క సాకిన పురుగులు! నీ చేతులు పడిపోనూ!" మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

ఆ అరుపులు వింటూ నేను ఆరిన గుడ్డలు తీస్తున్నాను. మూడో చీర తీగ మీదే ఉంది, పక్కన ఆయన మందు చొక్కా. చొక్కా చేయి చీర కొంగులో మెలిపడి ఉంది. చీర ముక్కుకు ఆనించాను. ఉతికినా పోని ఆ ఘాటు సన్నగా తగిలింది. అక్కడే బండ మీద కూలబడ్డాను.

అప్పుడే పరిగెత్తి చెప్పాల్సింది. చెప్పలేదు. భయం వేసింది. ఆయన కొడతాడని కాదు. చెప్పానంటే ఇక ఈ ఇంట్లో నా మాట ఎప్పటికీ చెల్లదు. అత్త ఆగమంది, నేను ఆగలేదు. అత్త అడిగింది, నేను ఎగతాళి చేశాను. ఒక మెషీను కోసం, నిలబడి గిన్నెలు తోముకోవడం కోసం, ఒక ముసలిదాని బతుకును ఆ చచ్చిన పురుగులతో పాటు గోతిలో వేసి సున్నం చల్లించాను. ఆ రోజుల్లో ఎవరు మందు అన్నా, చీర అన్నా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

ఐదో రోజు మామ వచ్చాడు. మా ఆయన టొమాటో వేసుకుని కోలారు మార్కెట్టుకు పోయాడు. అత్త ఖాళీ అయిన నడిమి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మామ వెనక నుంచే వచ్చాడు. చెప్పులు విప్పి అరలో పెట్టి, కాళ్ళు రెండుసార్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు గడప దగ్గర నిలబడ్డాడు.

"తప్పైపోయిందమ్మా. గాలి చూసుకోకుండా కొట్టినాను. గట్టు పక్కన నాలుగు సాళ్ళు పీకేసినాను. ఇంగ ఆ పక్క టొమాటో పెట్టను. మీ యత్తకు మొగం చూపీలేను, నువ్వే చెప్పు."

పీకేశాడు. కాయ మీదున్న చెట్లను పీకేశాడు.

"నువ్వు కాదు మామా," అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. మెషీను చూపించాను. చొక్కా సంగతి, చీరల సంగతి, నీళ్ళకు కక్కుర్తి పడ్డ సంగతి, అంతా చెప్పాను. ఆ మూడో చీర తెచ్చి వాసన చూడమని చేతికిచ్చాను. ఆయన చూడలేదు. మడత పెట్టి మెల్లగా మెషీను మీద పెట్టాడు.

"నేను కుమిలిపోతాండానని ఇట్ల చెప్తాండావు. నాకు తెలుసమ్మా. నీ యట్లా మనసు ఎవురికుంటాది?"

"దేవుడి మీద ఒట్టు మామా, నేనే!"

"చాలమ్మా, ఇంగ చాలు. నా పాపం నువ్వు యాల మోసేది?"

నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపాను. ఏడుస్తూనే ఇంకా ఏదో చెప్పబోయాను. ఆయన నా చేయి విడిపించి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, నాకు రెండు చేతులెత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు.