ఆరు తర్వాతి లింకు

కంప్యూటర్ లోపల అంకెలు ఎక్కడ కూర్చుంటాయో, వాటిని వరుసలో పెట్టడానికి దానికి ఎంత పని పడుతుందో చెప్పే వెబ్ పేజీలు కొన్ని నాకు ప్రాణం. పదేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నా, చిక్కొస్తే వాటి దగ్గరికే పోతాను. ఆ లింకుల జాబితా నాది కాదు, మా అన్నది. తను ఫోన్‌లో చదివి ఏరుకున్నవాటిని, లింగాల ఘనపూర్‌లో మా ఇంట్లో కూర్చుని, నా కొత్త ల్యాప్‌టాప్‌లో రెండు వేళ్లతో టైపు చేసి ఇచ్చాడు.

అంకెలు మాత్రం వేయలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, మానికతో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనదు, లాభం అంటుంది. ఏడు అని కూడా అనదు. గింజల ముందు ఏడవమన్నట్టు ఉంటుందని, ఆరున్నొకటి అంటుంది. అన్న తన లింకులకూ అదే లెక్క పెట్టాడు: లాభం, రెండు, మూడు. ఒక్కో లింకు కింద ఒక ముచ్చట. కంప్యూటర్ లెక్క సున్నాతో మొదలవుతుందని చెప్పే పేజీ కింద, "మనం ఒకటి అనం, లాభం అంటం. మిషన్ సున్న అంటది. ఎవని భయం వానిది" అని రాశాడు. పట్టనంత పెద్ద అంకె వస్తే ఏమవుతుందో చెప్పే పేజీ కింద, "మానిక నిండినంక పోస్తే కింద పడ్తది. గిది గూడ గంతే." అంత పెద్ద పాఠాన్ని అంత చిన్నగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మీటింగులో నా స్క్రీను అందరికీ చూపించాల్సి వచ్చింది. ఆ ఫైలు తెరిచే ఉంది. ఒకాయన దాన్ని సినిమాలో కమెడియన్ గొంతు పెట్టి చదివాడు. అందరూ నవ్వారు. సిగ్గులేనిదాన్ని, నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నమే ముచ్చట్లన్నీ చెరిపేసి, సున్నా, ఒకటి, రెండు అని అంకెలు వేసి, లింకులు మాత్రం ఉంచుకున్నాను. పాత కాపీ దాచలేదు. ఇప్పుడు కాపీ పెట్టుకోండని జూనియర్ల దగ్గర రోజూ మొత్తుకునేది నేనే.

దసరాకు ఇంటికి పోతే అన్న ఆ ఫైలు తెరిచాడు. పైనుంచి కింది దాకా జరిపి చూశాడు.

"నా ముచ్చట తీసేసినవా?"

కొట్లాడినా బాగుండేది. ఆఫీసులో అట్లాంటివి నడవవని నేనేదో సణిగాను. మంచిగనే ఉన్నదని ల్యాప్‌టాప్ మూసి బయటికి పోయాడు. మళ్లీ రాసిమ్మని అడుగుదామనుకుంటూనే రోజులు గడిపాను. ఆ తర్వాత అతని కిడ్నీలు చెడిపోయాయి. డయాలసిస్‌కని జనగామ దవాఖానకు వారానికి మూడుసార్లు తిరిగేవాడు. అప్పుడు అడగడానికి నోరు రాలేదు. ఈ ఎండాకాలం చనిపోయాడు.

దినాలు అయ్యాక ఆ ఫైలు తెరిచాను. లింకుల్లో ఒక్కటీ చెడలేదు, అన్నీ చక్కగా తెరుచుకుంటున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఎవరెవరో రాసినవన్నీ ఉన్నాయి, మా అన్న రాసిందే లేదు. గుర్తున్నంత వరకు మళ్లీ టైపు చేసుకుంటూ పోయాను. లాభం నుంచి ఆరు దాకా ముచ్చట్లు వచ్చాయి. ఆ తర్వాతిది రెండు రోజులు తలపట్టుకున్నా రాలేదు.

పక్కన బియ్యం చెరుగుతున్న అవ్వను, ఆరు తర్వాత ఏందని అడిగాను. నేను లెక్క మర్చిపోయాననుకుంది.

"ఆరున్నొకటి, బిడ్డా. గా మాట అనొద్దు."

ఆరున్నొకటి అని టైపు చేశాను. కింద రాయడానికి ఏమీ లేదు. ఆ మాట అనలేదు గానీ, అవ్వ ముందే, ఆ గింజల ముందే కూర్చుని ఏడ్చాను.